గుండెకు బూజు పట్టే దారి

పాకాల, దామలచెరువు చుట్టుపక్కల చెనక్కాయలు పండించే రైతులకు ఒక బూజు బాగా తెలుసు. పెరికి కుప్ప వేసిన చెట్ల మీద అదును తప్పిన వాన పడిందంటే, నాలుగు రోజుల తర్వాత కాయ ఒలిస్తే విత్తనం మీద పసుపు కలిసిన పచ్చటి పొడి కనిపిస్తుంది. వేలు తగిలితే చాలు, లేచిపోతుంది. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక విత్తనమే. దీని పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ నుంచి తెప్పించిన చెనక్కాయ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఆరా తీసినప్పుడు దొరికింది ఈ బూజు విషమే. అఫ్లటాక్సిన్ అన్న పేరు అలా పుట్టింది.

మన కథ ఆ విషం గురించి కాదు. ఈ బూజు, దాని అన్నదమ్ములు, ఇంకా దూరపు చుట్టమైన క్యాండిడా అనే ఈస్టు, గుండె ఆపరేషన్ అయిన పసిబిడ్డ గుండె లోపలికి చేరి అక్కడే కాపురం పెట్టే జబ్బు ఒకటుంది. వైద్యుల భాషలో ఫంగల్ ఎండోకార్డైటిస్. ఇది అరుదు. గుండె లోపలి పొరకు సోకే ఇన్ఫెక్షన్లు నూరు ఉంటే, అందులో శిలీంధ్రాల వల్ల వచ్చేవి ఒకటో రెండో. మిగతావన్నీ బాక్టీరియా పనే. కానీ ఆ ఒకటి రెండింటిలో మందులూ ఆపరేషనూ రెండూ అందినా సగం మంది దాకా దక్కరు. ఇంత అరుదైన దానికి పుస్తకంలో ఒక అధ్యాయం ఎందుకంటే, ఇది ఎక్కడి నుంచో ఊడిపడే జబ్బు కాదు. బిడ్డను బతికించడానికి మనం చేసిన పనుల వెంటే వస్తుంది. అందుకే దీన్ని ఆపే దారులూ చాలావరకు మన చేతుల్లోనే ఉన్నాయి.

వెయ్యి మంది పిల్లలు పుడితే వాళ్లలో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక పుట్టు లోపం ఉంటుంది. చాలామందికి గుండెలో రంధ్రం. కొందరికి ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకై, ఏడిస్తే పెదాలు నీలం తిరుగుతాయి. పాకాల జంక్షన్‌లో దిగిన మనిషికి ఇలాంటి బిడ్డను ఎటు తీసుకెళ్లాలన్న ప్రశ్నకు రైలు పట్టాలే జవాబు చెప్పేవి. దక్షిణంగా చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్తే రాయవేలూరు ఆసుపత్రి. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనే, మన దేశంలో గుండెను తెరిచి చేసిన తొలి ఆపరేషన్లలో ఒకటి 1961లో జరిగింది. రెండో వైపు చంద్రగిరి మీదుగా తిరుపతి. అక్కడ 1990లలో స్విమ్స్ ఆసుపత్రి వచ్చింది. 2021 అక్టోబరులో టీటీడీ బర్డ్ ఆసుపత్రి ఆవరణలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచింది. ఇక పక్కనున్న అరగొండలో పుట్టిన ప్రతాప్ సి. రెడ్డి 1983లో అపోలో ఆసుపత్రి పెట్టింది చెన్నైలో. అది అప్పట్లో చేతిలో డబ్బున్నవాళ్ల దారి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లరేషన్ కార్డు ఉన్న ఇంటి బిడ్డ కూడా పెద్ద ఆపరేషన్ బల్ల మీదికి చేరగలిగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తాతల కాలంలో పాకాలలో ఈ బూజు జబ్బు లేదు. ఉండే వీలే లేదు. నీలం తిరిగే బిడ్డ ఏడాదో రెండేళ్లో బతికి పోయేది, అంతే. ఆపరేషన్ లేని చోట ఆపరేషన్ తర్వాత వచ్చే జబ్బు ఎక్కడిది? 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ గుండె–ఊపిరితిత్తుల యంత్రం పెట్టి మనిషి గుండెను తెరిచి బాగుచేశాడు. ఆ తర్వాత పదేళ్లు తిరిగీ తిరక్కముందే, గుండె ఆపరేషన్ అయినవాళ్లలో బూజు పట్టిన కవాటాల గురించి వైద్య పత్రికల్లో వ్యాసాలు మొదలయ్యాయి. చికిత్సా, దాని నీడా దాదాపు ఒకే వయసువి.

ఇప్పుడు గుండె లోపలికి వెళ్దాం. ఆరోగ్యమైన గుండె లోపలి గోడ చాలా నున్నటిది. ఎండోథీలియం అనే ఒకే వరుస కణాల పొర దాన్ని కప్పి ఉంటుంది. మనం రోజూ పళ్లు తోముకున్నప్పుడు, ఏదైనా గీరుకున్నప్పుడు కొద్దో గొప్పో సూక్ష్మజీవులు రక్తంలోకి వస్తూనే ఉంటాయి. ఆ నున్నటి గోడ మీద వాటికి కాలూనుకునే చోటు దొరకదు. అయితే గుండెలో రంధ్రం ఉన్న బిడ్డలో ఎడమ గది నుంచి కుడి గదికి రక్తం ఒత్తిడితో చిమ్ముతుంది. కాలువకు గండి పడితే ఎదురుగా ఉన్న గట్టు ఎలా కోసుకుపోతుందో, ఆ ధార తగిలే చోట లోపలి పొర అలా గీరుకుపోతుంది. గీరుకున్న చోట ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ దారాలు చేరి చిన్న గరుకు పొర కడతాయి. సూక్ష్మజీవికి కావలసిన మెట్టు అదే.

సర్జన్ వచ్చి ఆ రంధ్రానికి అతుకు వేస్తాడు. ఆ అతుకు బిడ్డ సొంత గుండెపొర ముక్క కావచ్చు, డాక్రాన్ బట్ట కావచ్చు, గోర్‌టెక్స్ కావచ్చు. కొన్ని ఆపరేషన్లలో ఊపిరితిత్తులకు కొత్త గొట్టమే అమర్చాలి. ఇవి ప్రాణం లేని వస్తువులు. వాటి మీదికి బిడ్డ సొంత ఎండోథీలియం మెల్లగా పాకి కప్పేయాలి. దీనికి ఆరు నెలలు పడుతుందని లెక్క. పళ్లు పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలని గుండె వైద్యులు చెప్పే జాగ్రత్త, అతుకు వేసిన తర్వాత మొదటి ఆరు నెలలకు ప్రత్యేకంగా వర్తించడానికి కారణం ఇదే. అతుకు అంచున ఇంకా సన్నటి చీలిక మిగిలి రక్తం కారుతుంటే ఆ తర్వాత కూడా జాగ్రత్త తప్పదు.

దీనికి తోడు శరీరం కాపలా కూడా ఆ రోజుల్లో కాస్త సడలి ఉంటుంది. గుండె–ఊపిరితిత్తుల యంత్రంలో తిరిగి వచ్చిన రక్తంలోని తెల్లకణాలు కొన్నాళ్లు మందకొడిగా పనిచేస్తాయి. పసిబిడ్డలో గుండె ముందు థైమస్ గ్రంథి పెద్దగా పరుచుకుని ఉంటుంది. గుండె కనబడాలంటే సర్జన్ దానిలో కొంత, ఒక్కోసారి చాలావరకు తీసేయాల్సి వస్తుంది. టి కణాలకు శిక్షణ ఇచ్చే బడి అదే. పైగా మన దగ్గర ఆపరేషన్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది అప్పటికే తూకం తక్కువ, పాలు తాగితేనే ఆయాసం.

ఇక ఐసీయూ. అసలు కథంతా ఇక్కడే. ఆపరేషన్ అయిన బిడ్డ మెడలోనో తొడలోనో ఒక సన్నటి గొట్టం పెద్ద సిర గుండా గుండె గుమ్మం దాకా వెళ్లి ఉంటుంది. సెంట్రల్ లైన్ అంటారు. మందులు, గ్లూకోజు, కొవ్వు ద్రావణం అన్నీ దాని గుండానే. పేగులు పాలు తట్టుకోలేని రోజుల్లో బిడ్డ తిండి మొత్తం ఆ దారినే వెళ్తుంది. చక్కెరా కొవ్వూ క్యాండిడాకు కూడా ఇష్టమైన తిండే. అది గొట్టం లోపలి గోడకు అంటుకుని జిగురు పొర అల్లుకుంటుంది. ఈ పొరను బయోఫిల్మ్ అంటారు. ఒకసారి అది అల్లుకుందంటే మందు పైనుంచి జారిపోతుంది గానీ లోపలికి దిగదు. గొట్టం కొన గుండె కుడి గది గుమ్మంలో ఆడుతూ ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి గుండె గోడకు దూరం మిల్లీమీటర్లే.

క్యాండిడా ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు బిడ్డ సొంత పేగుల్లోంచే. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద అది మామూలుగా ఉండేదే. అక్కడి బాక్టీరియా దాన్ని అదుపులో పెడతాయి. జ్వరం వచ్చిందని శక్తిమంతమైన యాంటీబయాటిక్ ఇస్తే ఆ బాక్టీరియా చస్తాయి, క్యాండిడాకు మైదానం ఖాళీ అవుతుంది. ఈ సంగతి లోకానికి తెలిసిన తీరులో మన తెలుగువాడి పాత్ర ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపిన రోజుల్లో, అక్కడే బెంజమిన్ డుగ్గర్ మిజోరీ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటి మందు. 1948లో బయటికొచ్చింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. అనేక రకాల బాక్టీరియాను ఒక్క వేటుతో అణిచే ఆ మందు వాడకంలోకి వచ్చిన కొద్ది కాలానికే, అది మింగిన రోగుల నోళ్లలో తెల్లటి పూత ఎక్కువగా కనిపిస్తోందని వైద్యులు రాయడం మొదలుపెట్టారు. అది క్యాండిడా. లక్షల ప్రాణాలు కాపాడిన మందుకు ఇది రెండో ముఖం. తర్వాత 1953లో లెడర్లీలోనే పనిచేసిన హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటి శుద్ధి ఫిల్టర్లలో పెరిగే ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారావు గౌరవార్థం సబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు. నోబెల్ రాలేదని మనం బాధపడే మనిషి పేరు ఒక బూజు మోస్తోంది. ఆయన ఉంటే నవ్వుకునేవారని నా అనుమానం.

పేగులు కాక రెండో దారి చేతులు. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రి పిల్లల విభాగంలో 1996 ఏప్రిల్ నుంచి దాదాపు రెండేళ్ల పాటు, పికియా అనోమలా అనే ఈస్టు రక్తంలోకి ఎక్కిన నవజాత శిశువులు, పిల్లలు 379 మంది. అంతకుముందు ఆ ఈస్టును ఎవరూ అంతగా లెక్కలోకి తీసుకోలేదు. వెతగ్గా వెతగ్గా అది సిబ్బంది చేతుల మీద దొరికింది. చేతులు కడుక్కోవడం మీద ప్రచారం చేసి, నెలలు నిండని బిడ్డలకు ముందుజాగ్రత్తగా శిలీంధ్ర నిరోధక మందులు ఇచ్చాకే అది అణిగింది. గమనించండి, గెలిచింది కొత్త మందు కాదు, సబ్బూ కొళాయీ, వాటికి తోడు ఆ ముందుజాగ్రత్త. తర్వాతి కాలంలో మన దేశంలోని 27 ఐసీయూలను కలిపి చూసిన అధ్యయనంలో క్యాండిడా రక్తానికెక్కిన రోగులు 1400 మంది తేలారు. చేరిన ప్రతి వెయ్యి మందిలో ఆరుగురికి పైనే. పశ్చిమ దేశాల పుస్తకాల్లో మొదట ఉండే క్యాండిడా ఆల్బికన్స్‌ని వెనక్కి నెట్టి, ఇక్కడ క్యాండిడా ట్రాపికాలిస్ ముందుంది.

చెనక్కాయ బూజు ఆస్పర్జిల్లస్ దారి వేరు. అది గాలిలో వస్తుంది. దాని రేణువు రెండు నుంచి ఆరు మైక్రాన్లు. ప్రతి మనిషీ రోజుకు వందల కొద్దీ పీల్చి, ఊపిరితిత్తుల్లోని కాపలా కణాలతో శుభ్రం చేసుకుంటాడు. చేనులో రోజంతా పనిచేసిన తండ్రికి ఏమీ కాదు. అదే రేణువు తెరిచిన గుండె మీద పడితే ఆ కాపలా అక్కడ ఉండదు. అందుకే ఆపరేషన్ గదిలో గాలిని హెపా ఫిల్టర్ల గుండా పంపుతారు. 0.3 మైక్రాన్ల రేణువుల్లో నూటికి 99.97 వంతు అవి పట్టేస్తాయి. ఆసుపత్రిలో పాత గోడ పగలగొట్టే పని, పైకప్పు తడిసి ఊరడం, ఏసీ గొట్టాల్లో పేరుకున్న దుమ్ము, ఇవే అసలు శత్రువులు. తిరుపతిలోనైనా రాయవేలూరులోనైనా టొరంటోలోనైనా, పక్కన కట్టడం పని జరుగుతున్నప్పుడు ప్లాస్టిక్ పరదాలు వేసి దుమ్ము బయటే ఆపడం కార్పెంటర్ పని కాదు, వైద్యంలో భాగం.

సరే, బూజు అతుకు మీద కూర్చుంది. బయటికి ఏం కనిపిస్తుంది? మొదట ఏమీ లేదు. తర్వాత జ్వరం. ఒక్కోసారి ఐసీయూలో ఉండగానే, ఒక్కోసారి ఇంటికి వెళ్లిన నెలల తర్వాత, అరుదుగా ఏడాది దాటాక కూడా. బాక్టీరియా అయితే రక్తం తీసి కల్చర్ సీసాలో పెడితే చాలావరకు మొలకెత్తి దొరికిపోతుంది. క్యాండిడా కూడా ఎక్కువసార్లు దొరుకుతుంది. ఆస్పర్జిల్లస్ మాత్రం గుండెలో కూర్చుని ఉన్నా సీసాలో దాదాపు ఎప్పుడూ మొలవదు. రిపోర్టులో 'ఏమీ పెరగలేదు' అని వస్తుంది, జ్వరం తగ్గదు. బీటా గ్లూకాన్, గెలాక్టోమానన్ అనే రక్త పరీక్షలు శిలీంధ్రం గోడ ముక్కల్ని పసిగడతాయి గానీ, ఆపరేషన్‌లో వాడిన గాజు గుడ్డల వల్ల కూడా బీటా గ్లూకాన్ పెరిగి తప్పుదోవ పట్టించగలదు. పిల్లల్లో ఒక మేలు ఉంది. వాళ్ల ఛాతీ గోడ పలుచన కాబట్టి మామూలు ఎకోలోనే లోపలి గడ్డ బాగా కనిపిస్తుంది. బాక్టీరియా గడ్డల కన్నా బూజు గడ్డలు పెద్దవి, మెత్తవి, రక్తం ఊపుకు ఊగుతూ ఉంటాయి.

ఆ ఊపులో ఒక ముక్క తెగితే? అది పెద్దది కాబట్టి పెద్ద ధమనికే అడ్డం పడుతుంది. మెదడులో అడ్డం పడితే పక్షవాతం. కాలిలో అయితే ఉన్నట్టుండి పాదం చల్లబడి, పాలిపోయి, నాడి అందదు. సర్జన్ తొడ దగ్గర కోసి ఆ ముక్కను బయటికి లాగుతాడు. చాలామంది బిడ్డల్లో అసలు రోగం బయటపడింది ఆ ముక్కలోనే. పాథాలజీ గదిలో దాన్ని పలుచగా కోసి వెండి రంగు పట్టిస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే, నీలాకుపచ్చ నేల మీద నల్లటి దారాలు. ఒకే మందం, మధ్య మధ్య కణుపులు, కొమ్మ చీలే చోట ఇరుకైన కోణం. గింజ మీద పొడిగా కనిపించిన జీవి ఇక్కడ వేరులా పాకింది. అలా తీసిన గడ్డను మామూలు గడ్డ అనుకుని చెత్తబుట్టలో వేయకుండా పాథాలజీకీ, మైక్రోబయాలజీకీ రెండింటికీ పంపడం ఒక్కటి చేస్తే, ఎన్నో రోజులు కలిసి వస్తాయి.

ఇప్పుడు పాకాలకు తిరిగి వద్దాం. గుండె రంధ్రం మూసి మూడు నెలలైన బిడ్డకు జ్వరం వచ్చిందనుకుందాం. తల్లి ఏం చేస్తుంది? సందు చివరి ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో వెళ్తుంది. ఒక సూది, మూడు రోజుల యాంటీబయాటిక్. తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది. ఇంకో రకం మందు. ఇందులో ఎవరినీ నిందించడానికి లేదు. నూటికి తొంభై తొమ్మిది మంది పిల్లలకు అది మామూలు జ్వరమే. కానీ గుండె ఆపరేషన్ అయిన బిడ్డ విషయంలో ఈ క్రమం రెండు రకాలుగా నష్టం. బాక్టీరియా ఉంటే ఆ నాలుగు మాత్రలు దాన్ని చంపకుండా దాచేస్తాయి, కల్చర్‌లో దొరకదు. శిలీంధ్రం ఉంటే దానికి పోటీ తగ్గి ఇంకా బలపడుతుంది. కాబట్టి అలాంటి బిడ్డకు కారణం తెలియని జ్వరం వస్తే యాంటీబయాటిక్ వేయకముందే, వేరువేరు చోట్ల సూది గుచ్చి రెండు మూడు సార్లు రక్తం కల్చర్‌కు తీయాలి, ఎకో చూడాలి. ఇది పాకాలలో కుదరకపోతే తిరుపతి గంట, గంటన్నర దూరమే. ఈ ఒక్క మాట డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో కాక పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చే ఆసుపత్రిని నేను మంచి ఆసుపత్రి అంటాను.

వైద్యం కష్టం ఎందుకంటే, శిలీంధ్రం మనకు బాక్టీరియా కన్నా దగ్గరి బంధువు. దాని కణానికీ మనలాగే కేంద్రకం ఉంది. బాక్టీరియాకు మాత్రమే ఉన్న యంత్రాల మీద గురిపెట్టే యాంటీబయాటిక్ దీన్ని ముట్టుకోలేదు. తేడా ఉన్నది కణం పొరలోని కొవ్వులో. మనకు కొలెస్ట్రాల్, దానికి ఎర్గోస్టెరాల్. ఆ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని పొరకు చిల్లులు పొడిచే మందు ఆంఫోటెరిసిన్ బి. వెనిజులాలో ఓరినోకో నది మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1950లలో దొరికింది. 2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో ఊరూరా జనం ఈ పేరు పలికారు, వయల్స్ కోసం పరుగులు తీశారు. తేడా చిన్నది కాబట్టి మన కణాలకూ దెబ్బ తగులుతుంది. మూత్రపిండాలు దెబ్బతినడం, పొటాషియం పడిపోవడం, ఎక్కించేటప్పుడు చలివణుకు. కొవ్వు బుడగల్లో పెట్టిన లైపోసోమల్ రకం కాస్త మేలు. క్యాండిడాకు దీనితోనో, కణం గోడను దెబ్బతీసే క్యాస్పోఫంజిన్ లాంటి వాటితోనో మొదలుపెడతారు. క్యాస్పోఫంజిన్ పుట్టింది కూడా ఒక శిలీంధ్రం నుంచే. ఆస్పర్జిల్లస్‌కు వోరికొనజోల్ ముందు వరుసలో ఉంటుంది.

మందు ఒక్కటే చాలదు. గడ్డలో రక్తనాళాలు ఉండవు, మందు దాని నడిమికి చేరదు. అతుకుతో సహా, కవాటంతో సహా గడ్డను కోసి తీసేయడమే దారి. 1961లో అమెరికాలో జెరోమ్ కే బృందం ఆపరేషన్‌తో క్యాండిడా ఎండోకార్డైటిస్‌ను నయం చేసి చూపించాక ఆ నమ్మకం బలపడింది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్లో మాత్రం గొట్టం కొనన కట్టిన గడ్డ, గొట్టం తీసేసి మందులిస్తే కరిగిన సందర్భాలు ఉన్నాయి. ఆ వయసులో ఛాతీ తెరవడం కన్నా కొన్నిసార్లు అదే మేలని వైద్యులు ఆగుతారు.

వీటన్నిటికన్నా చవకైన వైద్యం ఐసీయూ మంచం పక్కన ఉంది. లైన్ మూతను ప్రతిసారీ పదిహేను సెకన్లు స్పిరిట్ దూదితో రుద్ది, ఆరనిచ్చి, అప్పుడే సిరంజి తగిలించే నర్సు చేతిలో. రోజూ రౌండ్స్‌లో 'ఈ గొట్టం ఇంకా కావాలా?' అని అడిగే డాక్టర్ నోట్లో. కల్చర్ రిపోర్టు రాగానే అక్కర్లేని యాంటీబయాటిక్ ఆపేసే ధైర్యంలో. పేగులు ఒప్పుకున్న రోజే తల్లిపాలు ముక్కు గొట్టం గుండా మొదలుపెట్టడంలో.

బయటపడ్డ బిడ్డకు కూడా కథ అయిపోదు. బూజు తిరగబెట్టే గుణం ఉన్నది కాబట్టి ఆపరేషన్ తర్వాత వారాల తరబడి మందు, ఆ పైన నెలలు, కొందరికి ఏళ్లు, కృత్రిమ కవాటం ఉంటే జీవితాంతం ఫ్లూకొనజోల్ లాంటి మాత్ర. ఇక్కడ ఇంటివాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటుంది. లోహపు కవాటం ఉన్న బిడ్డ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటుంది. ఫ్లూకొనజోల్, వోరికొనజోల్ రెండూ వార్ఫరిన్ బలాన్ని పెంచేస్తాయి. మోతాదు సర్దకపోతే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి, ఒక్కోసారి మెదడులో రక్తస్రావం. కాబట్టి ఈ మాత్ర కొత్తగా మొదలుపెట్టినా, ఆపినా, ఆ వారంలోనే, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించాలి. పాకాల నుంచి వెళ్లే తల్లి సంచిలో మూడు కాగితాలు ఉంటే చాలు. ఆపరేషన్ ఏ తేదీన, లోపల ఏ వస్తువు అమర్చారన్న సమ్మరీ, చివరి ఐఎన్‌ఆర్ చీటీ, ఇప్పుడు వేసుకుంటున్న మందుల పేర్లు. జ్వరం వచ్చిన రాత్రి ఎదురుగా కూర్చున్న డ్యూటీ డాక్టర్ మొదట అడిగేవి అవే.